బెంగళూరులో మారతహళ్లి వైపు ఉన్నవాళ్లు కంటి చుక్కలు కొనేముందు ఇది చదవండి

పోయిన నెల కుడికన్ను పైరెప్ప మీద కందిగింజంత కురుపు లేచింది. అమ్మకి ఫోన్ చేస్తే "అరచేతిలో వేలు బాగా రుద్ది ఆ వేడి పెట్టరా, రెండ్రోజుల్లో అణిగిపోద్ది" అంది. నవ్వేసి నేనుండే పీజీ హాస్టల్ కింద మెడికల్ షాపుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు నా కంటి వంక సరిగ్గా చూడను కూడా లేదు. చుక్కల సీసా తీసి "రోజుకి నాలుగుసార్లు వెయ్యన్నా, మాయం" అన్నాడు. డాక్టర్ చీటీ అడగలేదు, బిల్లూ ఇవ్వలేదు. బుద్ధి గడ్డి తిని నేనూ అడగలేదు.

రెండ్రోజులకి ఎరుపు నిజంగానే తగ్గింది. మోసమంతా అక్కడే ఉంది. ఐదోరోజు పొద్దున రెప్ప పూరీలా ఉబ్బి, పుసులు కట్టి అతుక్కుపోయింది. జ్వరం కూడా. కంటి డాక్టరు నాకంటే ముందు ఆ అట్టపెట్టెని చూశాడు. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్, కలిసి ఉంది. అది వాపుని పైపైన అణిచేస్తుంది గానీ సూక్ష్మక్రిములతో పోరాడే శక్తిని తగ్గిస్తుంది. ఎక్కువరోజులు వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లాకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లాలూ రావచ్చు. నాకు ఇన్‌ఫెక్షన్ రెప్పంతా పాకడంతో మాత్రలు మింగాల్సొచ్చింది.

అమ్మ చిట్కా చెప్తే డాక్టరు "వేడి మంచిదే, వేలు వద్దు" అన్నాడు. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, 10 నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు కాపడం పెట్టాలి. చాలా కురుపులు వారం, రెండు వారాల్లో వాటంతటవే పోతాయట. గిల్లకూడదు, కాటుక, లెన్సులు బంద్.

కొనేటప్పుడు పెట్టె మీద చిన్నక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఏది కనిపించినా డాక్టర్ రాయనిదే ముట్టుకోకండి. మందు పేరుకి డి, డీఎమ్ లాంటి తోక ఉంటే చాలాసార్లు ఇదే బాపతు. చూపు మసకబారినా, కన్ను తిప్పితే నొప్పెట్టినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తండి. ప్రైవేటుకి డబ్బుల్లేకపోతే చామరాజపేటలో మింటో ప్రభుత్వ కంటాసుపత్రి ఉంది.

తగ్గాక ఖాళీ పెట్టె పట్టుకుని ఆ షాపుకెళ్లాను. ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అందరికీ ఇదే ఇస్తాం సార్, మీకే పడలేదు" అన్నాడు.