స్టాండు తీయకముందే గుబులు: డెల్టా సైకిల్ షాపుల ఓవరాయిలింగు ఎంతవరకు పనికొస్తుంది?

రేపట్నుంచి ఆఫీసుకి సైకిలే అని రాత్రి గట్టిగా అనుకున్నవాళ్లు కూడా తెల్లారి స్టాండు తీసే వేళకి బండి తాళాల కోసం వెతుకుతారు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు గానీ చాలామందిలో అది భయమే. విడదీసి చూస్తే అందులో ఐదు ప్రశ్నలున్నాయి. బ్రేకు పడుతుందా? దారిలో గాలి దిగిపోతుందా? చైను ఊడుతుందా? వెనకొచ్చే రొయ్యల లారీవాడికి నేను కనపడతానా? వాడికి దారిచ్చి మార్జిన్ దిగితే కాలవలోకి పోతానా? మొదటి మూడింటికి జవాబు సైకిల్ షాపులోనే దొరుకుతుంది. నాలుగోదానికి సగమే దొరుకుతుంది, ఐదోదానికి దొరకదు. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం లాంటి ఊళ్లలో బడ్డీ షాపులు చేసే ఓవరాయిలింగుని ఈ ఐదింటితోనే తూచాలి.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. 'సర్వీసు' అని అడిగితే నూనె చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి ఇచ్చేస్తారు. ఓవరాయిలింగు అంటే ముందు హబ్బు, వెనక హబ్బు (చక్రాల నడిమి భాగాలు), పెడళ్ల ఇరుసు, హ్యాండిల్ కప్పులు నాలుగూ విప్పి, కిరసనాయిల్లో కడిగి, బాల్సు (ఇరుసు చుట్టూ తిరిగే ఉక్కు గుండ్లు) మార్చి, గ్రీజు పెట్టి బిగించడం. "అంతా విప్పడం ఎందుకండీ, పైపైన చూసేస్తే సరిపోద్ది" అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. సరిపోదు. మన రోడ్ల మీద వానాకాలమంతా నీళ్లే. చేపల లారీలు, రొయ్యల లారీలు ఏడాది పొడుగునా ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. నరసాపురం, అంతర్వేది వైపయితే ఉప్పుగాలి అదనం. పైకి తళతళలాడే హబ్బు విప్పితే గ్రీజు బదులు ఎర్రటి తుప్పు ముద్ద ఉంటుంది. పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకునే పని ఇది. గంటలో అయిపోయిందంటే విప్పలేదన్నమాటే.

మామూలు నల్ల సైకిల్లో ముందు హబ్బుకి 3/16 అంగుళం బాల్సు, వెనక దానికి 1/4 అంగుళం. మారిస్తే అన్నీ మార్చాలి. పాతవాటిలో రెండు మూడు కొత్తవి కలిపితే వాటి సైజు వెంట్రుకవాసి పెద్దది కాబట్టి బరువంతా వాటి మీదే పడి, బాల్సు కూర్చునే కప్పు గుంటలు పడుతుంది. పాత బాల్సు మీకే ఇమ్మని ముందే చెప్పండి. తెచ్చుకుని చేసేదేం లేదు, కానీ అడిగిన సైకిల్‌కి పని వేరేగా జరుగుతుంది.

డబ్బులిచ్చే ముందు చక్రం పైకెత్తి మెల్లగా తిప్పి వదలాలి. ఆగబోయే ముందు కాసేపు అటూ ఇటూ ఊగి, గాలి కొట్టే వాల్వు కిందికొచ్చి ఆగితే కోను (ఇరుసు మీద బాల్సుని ఒత్తి ఉంచే మర) సరిగా కూర్చున్నట్టు. మధ్యలో టక్కున ఆగితే బిగుతెక్కువ. రిమ్ము పట్టుకుని పక్కకి కదిపితే టకటకమంటే లూజు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది బ్రేకుల దగ్గర, గుబులు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. రాడ్ బ్రేకుకి రబ్బర్లు రిమ్ము లోపలి వైపు ఒత్తుకుంటాయి. చక్రం వంకర తీయకుండా బ్రేకు బిగిస్తే ఒకచోట రాసుకుంటుంది, ఇంకోచోట అందదు. అందుకని ముందు పుల్లలు సరిచేసి బెండు తీయాలి (ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు), ఆ తర్వాతే బ్రేకు ముట్టుకోవాలి. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు. షాపులో చాలామంది చేసేదేమిటంటే, వంకర అలాగే ఉంచి రాడ్డు గట్టిగా లాగి బిగించేస్తారు. షాపు ముందు బాగా పడినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి మళ్లీ మొదటికొస్తుంది. రబ్బరు పైభాగం గాజులా నున్నబడితే గరుకు కాగితంతో రుద్దించండి. పగుళ్లుంటే మార్పించండి.

క్రోమ్ పూత ఉన్న స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు సగానికి పైగా పోతుంది. ఎంత మంచి మేస్త్రీ చేసినా అంతే, అది స్టీలు గుణం. వానలోనూ, డిసెంబరు మంచులోనూ ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకు మెల్లగా ఆనించి చక్రాన్ని రెండు మూడు చుట్లు తిరగనివ్వాలి. రబ్బరు నీటిని తుడిచేశాక పట్టు తిరిగొస్తుంది. అల్యూమినియం రిమ్ము, వైరు బ్రేకు ఉన్న సైకిలయితే ఈ బాధ బాగా తక్కువ. దానికి చూడాల్సింది లివరు దగ్గర వైరు. ఒక్క పోగు తెగినా వైరు మొత్తం మార్చాలి.

గాలి విషయంలో షాపులు బాగానే చేస్తాయి, ఒక్కటి తప్ప. రాత్రి నిండుగా ఉన్న టైరు పొద్దుటికి మెత్తబడితే అందరూ పంచరు వెతుకుతారు. చాలాసార్లు కారణం వాల్‌ట్యూబు, అంటే వాల్వు లోపలి సన్నటి రబ్బరు గొట్టం. ఎండకి అది మెత్తబడి అంటుకుపోతుంది, లేదా చీలుతుంది. వాల్వు మూతి మీద ఉమ్మి రాస్తే బుడగ లేస్తుంది, తెలిసిపోతుంది. చేత్తో మార్చుకోవచ్చు కాబట్టి సీటు కింద సంచిలో రెండు ముక్కలు పడేసుకోండి. పంచరయితే ట్యూబుకి అతుకు వేసి ఊరుకోకూడదు. టైరు లోపల దూదో పాత గుడ్డో పెట్టి చుట్టూ తిప్పాలి. గట్టు రోడ్ల మీద పల్లేరు ముళ్లు, తుమ్మ ముళ్లు టైర్లోనే ఉండిపోయి కొత్త అతుకు పక్కనే మళ్లీ పొడుస్తాయి.

చైనుకి స్కేలు పెట్టి చూడండి. అర అంగుళం చొప్పున 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పన్నెండూ ఎనిమిదో వంతు వచ్చిందంటే సాగిపోయింది. అప్పటికి ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగి ఉంటాయి కాబట్టి రెండూ కలిపి మార్చాలి. ఒక్క చైనే మారిస్తే పళ్ల మీద నుంచి జారుతుంది. బిగించాక చైను మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి. కోతల రోజుల్లో, సార్వాకయినా దాళ్వాకయినా, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి ఉంటాయి. గడ్డి ఫ్రీవీలుకి చుట్టుకుంటే లాగకుండా ఆగి తీసేయాలి. ధాన్యం మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, అక్కడ తొక్కడం ఆపి నిటారుగా దాటేయడమే.

తొక్కుతుంటే చుట్టుకొకసారి టక్ మని కాలికి తగిలే చప్పుడుంది చూశారూ, అది కాటర్ పిన్ను, అంటే పెడలు కాడని ఇరుసుకి బిగించే చీల. వదులుగా ఉన్న పిన్నుతో తొక్కుతూ పోతే దాని చదును భాగం అరిగి, నిండు బరువు వేసిన రోజు పెడలు జారి కాలు గాలిలోకి వెళ్తుంది. కొత్త పిన్ను సుత్తితో దిగ్గొట్టాకే నట్టు బిగించాలి, నట్టుతో పిన్నుని లాగకూడదు. ఎంత బాగా వేసినా మొదటి యాభై కిలోమీటర్లలో అది కూర్చుంటుంది. మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు ఉచితమేనా అని ముందే అడగండి. చాలా షాపులు కాదనవు, కానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇంతవరకు మార్కులు బాగానే వేయొచ్చు. ఇక్కణ్నుంచి తగ్గుతాయి.

సీటు ఎత్తు ఎవరూ అడగరు. భయం ఉన్నవాళ్లకి సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు నేలకి అందాలి. అలవాటయ్యాక కొద్దికొద్దిగా పెంచుకోవాలి, లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి. అద్దం పెట్టమంటే చేతికందిందే పెడతారు. మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి అద్దం కుడి చేతికి కావాలి, ఉబ్బెత్తు అద్దం కావాలి. అందులో లారీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ఎర్ర లైటు సీటు కింద బిగిస్తే క్యారియర్ మీద సంచి, క్యారేజీ దాన్ని కప్పేస్తాయి. మడ్‌గార్డు మీద బిగించమనండి. డైనమో పాతవాళ్లకి ఇష్టం గానీ సైకిల్ ఆగితే దీపం ఆరుతుంది, వానలో టైరు మీద జారుతుంది. వెనకవైపుకి మటుకు ఛార్జింగు లైటే నయం.

మార్జిన్ భయానికి మాత్రం షాపులో మందు లేదు. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో చాలా చోట్ల రోడ్డు అంచు మట్టికంటే ఎత్తుగా ఉంటుంది. అంచు పట్టుకుని వెళ్తే హారన్ కొట్టగానే కింద పడడం ఖాయం. రెండు మూడు అడుగులు లోపలికే తొక్కాలి. తప్పక దిగాల్సి వస్తే వేగం తగ్గించి దిగి, ఎడమ కాలు నేల మీద పెట్టి ఆగాలి. తిరిగి ఎక్కేటప్పుడు ఏటవాలుగా ఎక్కబోతే ముందు చక్రం అంచుకి రాసుకుని సైకిల్ పడేస్తుంది. ఆగి, ఎత్తి పెట్టుకోండి.

సిద్ధాంతం వంతెనో చించినాడ వంతెనో దారిలో ఉన్నవాళ్లు వెనక 18 పళ్ల ఫ్రీవీలు తీయించి 20 పళ్లది వేయించుకోవచ్చు. డెల్టాలో ఎత్తంటే వంతెన ఎక్కుడే. సాయంత్రం దక్షిణం వైపు ఇంటికెళ్లేవాళ్లకి ఎదురొచ్చే పైరగాలికీ అదే పనికొస్తుంది. చైనుకి ఒకటో రెండో లింకులు కలపాల్సి రావచ్చు, ఆ పని కూడా ఓవరాయిలింగు రోజే చెప్పేయండి. గేర్ల సైకిల్ ఉన్నవాళ్లు ఈ షాపులకి పంచరు దాకానే వెళ్లండి. గేరు సర్దే పనిముట్లు చాలా చోట్ల ఉండవు, శ్రావణంతో లాగి చూస్తారు.