ఉద్యాన విద్యార్థుల జట్టు: మండపం పని భేష్, తోట పనికి కొన్ని షరతులు

మండపం అలంకరణకి ఈ జట్టుని నిశ్చింతగా పిలవచ్చు. తోట వేయించుకోవాలంటే మాత్రం ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. కడియం, రావులపాలెం చుట్టుపక్కల ఈ రెండు పనులూ చేస్తున్న నలుగురూ ఉద్యాన డిగ్రీ చదువుతున్న పిల్లలు.

బంతి, చామంతి కడియపులంక మార్కెట్లో తెల్లవారుజామునే కొంటారు. జెర్బెరా, కార్నేషన్ బెంగళూరు వైపు నుంచి పెట్టెల్లో వస్తాయి. దారంతా నీళ్లు లేని పూలని అలాగే గుచ్చేస్తే ముహూర్తానికే తలలు వాలుస్తాయి. వీళ్లు కాడ చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, కనీసం మూడు గంటలు నీడన నీళ్లలో ఉంచుతారు. గులాబీకి సగం బాల్చీ నీళ్లు, జెర్బెరాకి నాలుగైదు సెంటీమీటర్లే. జెర్బెరా కాడకి నూగు ఉంటుంది, లోతు నీళ్లలో కుళ్లిపోతుంది. చదువు చేతిపనిలోకి దిగిందని తెలిసేది ఇక్కడే.

అన్నిటికన్నా నచ్చింది ఫోమ్ (నీళ్లు పీల్చుకునే, పూలు గుచ్చే మెత్తటి దిమ్మె) వాడకం తగ్గించడం. ఫోమ్ ప్లాస్టిక్కే, కాలవలో పడితే కుళ్లదు. రావులపాలెం వైపు గెల కోసేశాక పడి ఉండే అరటి బోదెల్ని అడుగు ముక్కలుగా కోసి, వాటిలోనే పూలు గుచ్చుతారు. బోదెలో తేమ ఒక పూట ఫంక్షన్‌కి చాలు. జెర్బెరా కాడ మెత్తన, నేరుగా దిగదు కాబట్టి ముందు పుల్లతో కన్నం చేస్తారు. ఒక జాగ్రత్త అడిగి మరీ చేయించుకోండి: బోదెకీ వెనక గుడ్డకీ మధ్య ప్లాస్టిక్ షీటు ఉండాలి. పట్టుకి అరటి కర అంటితే ఇక పోదు. ఫోమ్ తప్పనిసరైన చోట ఆ దిమ్మెని నీళ్ల మీద వదిలి దానంతటదే మునగనివ్వాలి. చేత్తో నొక్కితే లోపల గాలి చిక్కి, మధ్యభాగం పొడిగా ఉండిపోతుంది.

ఇక తోట. మన బంకమట్టిలో చచ్చే మొక్కల్లో చాలావరకు నీళ్లు ఎక్కువై చచ్చేవే. వీళ్లు అడుగు లోతు గొయ్యిలో నీళ్లు నింపి, మర్నాటికి ఇంకకపోతే అడుగు ఎత్తు మడులు కడతారు. దేవగన్నేరు మడి మీద, కేనా, హెలికోనియా పల్లంలో పెడతారు. నర్సరీ సంచిని పూర్తిగా కోసి, చుట్టుకుపోయిన వేర్లు విడదీస్తారు. ఇదంతా సరైన పద్ధతే.

లోపాలూ ఉన్నాయి. కొబ్బరి పొట్టుని కడక్కుండా మట్టిలో కలుపుతున్నారు. అందులోని ఉప్పుకి లేత మొక్కల ఆకు అంచులు మాడతాయి. రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి వార్చమనండి. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కని నేరుగా ఎండలో నాటుతున్నారు, వారం పదిరోజులు కొంచెం కొంచెంగా ఎండ అలవాటు చేయమనండి. సముద్రం వైపు ఊళ్లయితే వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక ఉప్పు బోరునీళ్లే గతి అవుతాయి. అక్కడ కాగితం పూలు, గన్నేరు లాంటివే వేయించండి.

పువ్వుల బిల్లు రకం వారీగా, కిలోల్లో ఇస్తారు. పేచీ ఉండదు.

తోటకి మొదటి మూడు నెలలే కీలకం, వీళ్లు సరిగ్గా అప్పుడే పరీక్షలని మాయమవుతారు. సెమిస్టర్ తేదీలు అడిగి, ఆ వారాల్లో నీళ్లు ఎవరు పెడతారో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.