టొబాకో వనీల్: కాల్చని ఆకు వాసన

టామ్ ఫోర్డ్ కంపెనీ పెర్ఫ్యూమ్ టొబాకో వనీల్ వాడుతున్నానంటే చాలామంది మొదట అడిగేది ఒకటే: సిగరెట్ కంపు కొడుతుందా అని. కొట్టదు. పొగ, మసి, బూడిద ఇందులో ఎక్కడా తగలవు. ఏళ్లుగా ప్రతి చలికాలం ఇదే పూసుకుంటున్నాను, ఈ సంగతిలో నాకు ఏ అనుమానమూ లేదు. ఇది కాల్చని ఆకు వాసన.

ఆ ఆకు వాసన ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది ఒంగోలు వైపు వర్జీనియా పొగాకు పండించే ఊరు. ఆకును ఆరబెట్టే గది, అదే బ్యారన్‌లో, పొయ్యి మండుతున్నా, ఆ పొగ ఇనుప గొట్టాల్లోంచే బయటికి పోతుంది. ఆకుకు తగిలేది వేడి ఒక్కటే. మొదట సన్నటి వేడికి ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత రెక్క ఎండుతుంది, చివర్లో వేడిని 70 డిగ్రీల దాకా తీసుకెళ్తే ఈనె కూడా ఎండుతుంది. అప్పుడు బ్యారన్ తలుపు తీస్తే ఎండుగడ్డి, తేనె, ఎండుద్రాక్ష కలగలిసిన తీపి వాసన వస్తుంది. పచ్చి ఆకులో ఉన్న కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు విరిగి డమాసినోన్ లాంటి సుగంధ పదార్థాలుగా మారడం ఇందుకొక కారణం. గులాబీ నూనెకు ఆ కమ్మదనం ఇచ్చేవాటిలో ఈ డమాసినోన్ కూడా ఉంది. పొగాకు అంటే ఘాటు తప్ప ఇంకేమీ ఉండదనుకునేవాళ్లకు ఇది తెలియాలని నా కోరిక.

టొబాకో వనీల్ 2007లో టామ్ ఫోర్డ్ వాళ్ల ప్రైవేట్ బ్లెండ్ అనే పెర్ఫ్యూమ్‌ల వరుసలో వచ్చింది. చేసినది ఒలివియే జిలోటాన్ అనే పెర్ఫ్యూమర్. స్ప్రే చేయగానే లవంగం, శొంఠి లాంటి మసాలా ఘాటు ముందుకొస్తుంది. దాని వెనకే పొగాకు ఆకు, కొంచెం తడిగా, కొంచెం తేనె పట్టినట్టుగా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. సుమారు గంట గడిచాక వెనిలా, కోకో పైకి వస్తాయి, ఆకు కిందికి దిగుతుంది. సాయంత్రానికి మిగిలేది ఎండుపళ్ల తీపి, కాస్త కలప వాసన. అక్కడికి వచ్చేసరికి పొగాకు కన్నా వెనిలా పాలే ఎక్కువ. ఆకు కోసమే కొనేవాళ్లు ఇది ముందే తెలుసుకుని కొనడం మంచిది.

ఆకుకూ వెనిలాకూ ఇంత బాగా పొత్తు కుదరడానికి ఇందులో వాడిన టోంకా అనే సువాసన గింజ కారణమని నా అభిప్రాయం. ఆ గింజలో కూమరిన్ అనే సుగంధ పదార్థం ఉంటుంది. ఎండుగడ్డి వాసన దానిదే. 1868లో పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1882లో ఊబిగాఁ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ల ఫుజేర్ రోయాల్ సెంటుతో పెర్ఫ్యూమ్‌లలోకి వచ్చింది. ఒక పక్క ఎండిన ఆకుకూ మరో పక్క వెనిలా తీపికీ దగ్గరగా ఉండే వాసన కాబట్టి, రెండిటి మధ్యా అతుకు కనబడదు.

దీన్ని మగవాళ్ల సెంటుగానే చాలామంది లెక్కేస్తారు. కంపెనీ మాత్రం ఇద్దరికీ అమ్ముతుంది. అసలు పొగాకు పరిమళాల్లో పేరు మోసిన పాత సీసా, కారన్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ల 1919 నాటి టబాక్ బ్లాండ్, ఆడవాళ్ల కోసం వచ్చినదే. మా ఇంట్లో టొబాకో వనీల్ సీసాకు నేనొక్కడినే హక్కుదారుణ్ణి కాదు, అందుకు నాకు సంతోషమే.

ఇక వాడకం. డిసెంబరు, జనవరి సాయంత్రాలకు దీనికి సాటి వచ్చేది నా దగ్గర మరొకటి లేదు. పెళ్లి రిసెప్షన్, రాత్రి భోజనాలు, చల్లటి ఊళ్లకు ప్రయాణం, వీటన్నిటికీ సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మాత్రం బయటికి తీయొద్దు. చెమట పట్టిన ఒంటి మీద ఆ తీపి మొహం మొత్తిస్తుంది. మూసిన కారులో, లిఫ్టులో పక్కవాళ్లకు ఊపిరాడదు. చలికాలంలోనైనా ఒకటి రెండు స్ప్రేలు చాలు, అదీ చొక్కా లోపల, ఛాతీ మీద. ద్రవం ముదురు రంగులో ఉంటుంది, తెల్ల చొక్కాల మీద కొట్టకండి. బట్టకు పట్టిన వాసన మర్నాటికీ ఉంటుంది.

ధర చాలా ఎక్కువ, అది దాచేదేమీ లేదు. ఇదే దారిలో కొంచెం చవకగా కావాలంటే విక్టర్ అండ్ రోల్ఫ్ స్పైస్‌బాంబ్ ఎక్స్‌ట్రీమ్ చూడండి. అందులోనూ పొగాకు, వెనిలా ఉన్నాయి, మిరియాల ఘాటు ముందుంటుంది. ఆకు లోతు మాత్రం నాకు టొబాకో వనీల్‌లోనే ఎక్కువ కనిపించింది. కొనేముందు కాగితం పట్టీ మీద వాసన చూసి డబ్బు కట్టకండి. మణికట్టు మీద కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోండి. రాత్రి పడుకునే ముందు మిగిలిన ఆ వెనిలా మీకు నచ్చితే అప్పుడు కొనండి, ఎక్కువ గంటలు మీతో ఉండేది అదే.