కె.టి. రోడ్డులో దేవస్థానం పుస్తకాలు: చేతికి తగిలేవి, ఇంట్లో పేరుకునేవి

తిరుపతి కె.టి. రోడ్డులో టీటీడీ ప్రెస్సు ఆవరణలో ఉన్న ప్రచురణల విక్రయశాలకు చాలామంది కేలండరుకో డైరీకో, ఉగాది ముందర పంచాంగానికో వెళ్తారు. పనైపోగానే బయటికొచ్చేస్తారు. అలా వచ్చేయకండి. అనుకోకుండా ఒక మంచి తెలుగు పుస్తకం చేతికి తగలాలంటే మన ఊళ్లో ఇంతకు మించిన చోటు లేదు. ధర్మప్రచారం కోసం వేసినవి కాబట్టి బయటి ప్రచురణలతో పోలిస్తే ధర బాగా తక్కువ. ఇంట్లో చదవని దొంతరలు పెరగడానికీ ఆ తక్కువ ధరే మొదటి కారణం. అందుకని ఏవి కొనాలి, ఏం చూసి కొనాలి, తెచ్చాక ఎక్కడ పెట్టాలి అనేవన్నీ కలిపే చెప్పుకోవాలి.

ముందు పల్చటి పుస్తకాలు చూడండి. మధ్యలో రెండు పిన్నులు కొట్టిన 32, 48 పేజీల పుస్తకానికి వెన్ను ఉండదు. అరలో నిలబెడితే రెండు లావు పుస్తకాల నడుమ సన్నటి తెల్లగీతలా ఉంటుంది, పేరు కనబడదు. వేలితో లాగి చూస్తే తప్ప అదేమిటో తెలీదు. శతకాలు, ఆళ్వార్ల చరిత్రలు, స్తోత్రాలకు తాత్పర్యాలు ఎక్కువగా ఈ రూపంలోనే వస్తాయి. ఒక్క పూటలో అయిపోయేవి కాబట్టి దొంతరలో మిగిలిపోయే ప్రమాదం కూడా తక్కువ.

దేవస్థానం శాసనాల సంపుటాలు కనబడితే మాత్రం ఆగండి. 1930ల్లో ఆరు సంపుటాలుగా వెలువడ్డాయవి. మొదటి దాన్ని సిద్ధం చేసింది సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి. శాసనాల్లో అధికభాగం తమిళం, వివరణ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు ఒక్కటే చదివేవాళ్లకు సుఖంగా సాగవు, అది ముందే తెలుసుకోవాలి. కానీ ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఏ పేజీ తెరిచినా ఏదో ఒకటి పట్టుకుంటుంది. పల్లవ వంశపు సామవై వెండి విగ్రహం చేయించి ఇచ్చిన సంగతి మొదటి సంపుటంలో ఉంది. కృష్ణదేవరాయలు మొదటిసారి కొండకు వచ్చిన 1513లో చిన్నాదేవి, తిరుమలదేవి స్వామి పాల ఆరగింపుకు బంగారు గిన్నెలు సమర్పించుకున్న సంగతి రాయల సంపుటంలో కనిపిస్తుంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనవి లెక్కలు. దాత ఇచ్చిన పణాలతో, అంటే అప్పటి నాణేలతో, దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేవారు. దాంతో పెరిగిన పంటతో ఫలానా రోజున ఫలానా నైవేద్యం జరగాలని రాసుకునేవారు. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసరపప్పు ఎంత అన్నది కూడా రాతి మీదే ఉంది. తిరుమల ఆర్థిక వ్యవస్థ ఎలా నడిచిందో ఇంత సూటిగా చెప్పేది మరొకటి లేదు.

ఇక సెట్ల సంగతి. కవిత్రయ భారతం ప్రతిపదార్థ తాత్పర్యాలతో 15 సంపుటాలుగా వేశారు. వేయడం గొప్ప పని, ఆ కృషికి దండం పెట్టాలి. అయినా 15 ఒకేసారి కొనకండి. సెట్టు కొన్నవాళ్లు ఆదిపర్వంతో మొదలుపెడతారు, ఉపాఖ్యానాల మధ్య ఆగిపోతారు, ఒకటి ఆగితే మిగతా పద్నాలుగూ ఆగుతాయి. విరాటపర్వం ఉన్న సంపుటం ఒక్కటే ముందు తీసుకోండి. తిక్కన మొదలుపెట్టింది అక్కడే కాబట్టి శైలి మధ్యలో మారదు, కథ దానికదే నిలబడుతుంది. విరాటపర్వం చదివితే వానలు పడతాయని నమ్మే నేల మనది, ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని వింటారు కూడా. పద్యం ముందు పైకి చదవాలి, తర్వాత తాత్పర్యం, అక్కడ చిక్కుపడితేనే ప్రతిపదార్థం. ప్రతిపదార్థంతో మొదలుపెడితే రెండు పద్యాలకే అలసట వస్తుంది.

అన్నమయ్య మొదలైన తాళ్లపాక కవుల సంకీర్తనలు 29 సంపుటాలు. వాటికి ఈ బాధ లేదు, ఎక్కడైనా తెరవొచ్చు. అధ్యాత్మ, శృంగార సంకీర్తనలు వేరువేరు సంపుటాలుగా ఉంటాయి, అట్ట మీద చూసి తీసుకోండి. సంకీర్తన పైన రాగం పేరు, అది చెక్కి ఉన్న రాగిరేకు సంఖ్య ఉంటాయి. రేకుల మీద స్వరాలు చెక్కలేదు కాబట్టి పుస్తకంలోనూ ఉండవు. పాడుకోవడానికి కావాలనుకుంటే స్వరపరచిన పుస్తకాలు విడిగా అడగాలి. ఎక్కువ సంకీర్తనలకు ఒక పల్లవి, మూడు చరణాలు. రోజుకొకటి చదవడానికి సరిగ్గా సరిపోయే కొలత. పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైతే అన్నమయ్య సంకీర్తనలు మొదలుపెట్టాడని, అది శక సంవత్సరం 1346 అని మొదటి రేకులోనే ఉంది. అంటే 1424. అర్థాలు మాత్రం అన్ని సంపుటాల్లో ఆశించవద్దు, పక్కన ఒక నిఘంటువు ఉండాలి.

డబ్బు కట్టేముందు అక్కడే చూసుకోవలసినవి కొన్ని. ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్టను ఫారం అంటారు. మామూలు పుస్తకాల సైజైన డెమ్మీలో ఫారానికి 16 పేజీలు. కాబట్టి 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయా అని ఆ అతుకుల దగ్గరే చూస్తే చాలు, మొత్తం తిప్పక్కర్లేదు. 48 తర్వాత 65 వచ్చిందంటే ఒక ఫారం పడిపోయినట్టు. ఒక్కోసారి అదే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది, లేదా తలకిందులుగా ఉంటుంది. కాగితానికి ఒక వైపే అచ్చు పడితే ఆ ఫారంలో జతలు జతలుగా తెల్లపేజీలు వస్తాయి, వేగంగా తిప్పితే దొరికిపోతాయి. ఇది ఏ ప్రెస్సులోనైనా జరిగేదే. ఇంటికెళ్లాక, అందులోనూ రెండేళ్ల తర్వాత ఆ పేజీకి చేరుకున్నాక బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. చదవని దొంతర ఉన్నవాళ్లు ఈ పరీక్ష కొన్న రోజే చేయడం మరీ అవసరం.

ఫారం నడుమ దారం కనబడితే అది కుట్టు బైండింగు, నిశ్చింతగా తెరవొచ్చు. దారం లేకుండా వెన్నుకు జిగురు మాత్రమే ఉన్న లావు పుస్తకాన్ని మధ్యకు విరిచి తెరవకండి. బల్ల మీద వెన్ను ఆనించి ముందట్ట, వెనకట్ట దించి, రెండు వైపుల నుంచీ కొన్ని కొన్ని ఆకులు నొక్కుకుంటూ మధ్యకు రండి. తప్పొప్పుల పట్టిక ఉంటే చదవడం మొదలుపెట్టకముందే పెన్సిలుతో లోపల దిద్దేసుకోండి. ప్రతిపదార్థంలో ఒక్క అక్షరం తప్పినా అన్వయం తిరగబడుతుంది.

ఇంటికి తెచ్చాక ఈ పుస్తకాలకు వచ్చే కష్టం వేరు. దేవుడి పుస్తకమని కళ్లకద్దుకుని పూజగదిలో పెడతారు. అక్కడ నూనె మరకలు, సాంబ్రాణి పొగ, కర్పూరపు మసి, పసుపు చేతులు. ఏడాదికల్లా అట్ట జిడ్డుపడుతుంది. తెరిచి చదవాలంటే స్నానం, మడి గుర్తొస్తాయి. నవలలైతే ఎవరికో ఇచ్చేస్తాం, పాత పేపర్ల కాటాకు వేసేస్తాం. వీటిని అలా చేయడానికి మనసొప్పదు. దాంతో ఆ దొంతర ఎప్పటికీ తరగదు. పారాయణ చేసే పుస్తకం ఒక్కటే అక్కడ ఉంచి, చదువుకునే పుస్తకాలన్నీ హాల్లో చేతికందే అరలో పెట్టండి. అందులో అపచారమేమీ లేదు, చదవడానికే కదా వేసింది.

పడుకోబెట్టి పేర్చకండి. అడుగునున్నది తీయాలంటే పైవి ఐదారు దించాలి, అందుకే అది ఎప్పటికీ చదవబడదు. వెన్ను కనబడేలా నిలబెట్టండి. 500 పేజీల డెమ్మీ పుస్తకం మామూలు కాగితం మీద అరకిలో దాటుతుంది. మూడడుగుల అరలో ముప్పై పడితే 15 కిలోల పైమాటే, కాబట్టి పల్చటి ప్లైవుడ్డు వంగుతుంది, నడుమ ఒక ఆధారం వేయించండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గోడలు చెమ్మగిల్లేది అప్పుడే. అరకూ గోడకూ రెండంగుళాల సందు ఉంచండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు చూశాం కదా, కింది అంతస్తులో ఉండేవాళ్లు నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తు వదలాలి. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండినదే వేయండి. పచ్చి ఆకు వేస్తే ఆ తడికి బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టినా అంతే. పిన్నుల పుస్తకాలకు తుప్పు మరక మొదలైతే పిన్ను నెమ్మదిగా తీసేసి అవే రంధ్రాల్లో నూలుదారంతో కుట్టేయొచ్చు, పది నిమిషాల పని.

దేవస్థానం పుస్తకాలు చాలావరకు ఈబుక్స్ డాట్ తిరుమల డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. సెట్టు కొనేముందు ఒక సంపుటం దించుకుని ఒక అధ్యాయం చదివి చూడండి. పూర్తయితే వెళ్లి కాగితం ప్రతి కొనుక్కోవచ్చు. శాసనాల్లాంటి అప్పుడప్పుడు చూసుకునే పుస్తకాలకు ఫోనులోని ప్రతే చాలు. భారతం, సంకీర్తనలు మాత్రం కాగితం మీద చదవాల్సినవి. ఏదైనా సంపుటం స్టాకులో లేదంటే దాని సంఖ్య రాసుకుని రండి, దాని బదులు చేతికొచ్చిన వేరేది కొనకండి. కేలండర్లు, డైరీలు వచ్చే రోజుల రద్దీలో పుస్తకాలు తీరిగ్గా చూడటం కుదరదు, ఆ రోజులు తప్పించి వెళ్లండి.