ఒంటరిగా తొక్కడమా, క్లబ్బులో చేరడమా?

సైకిల్ కొన్న తొలి నెలల్లో ఒంటరిగా తొక్కడంలో ఒక స్వేచ్ఛ ఉంది. వీలైన వేళకు బయలుదేరవచ్చు, అలసిపోతే ఆగవచ్చు. గేర్లు, బ్రేకులు చేతికి అలవాటు కావడానికి అది చాలు.

కానీ ఒంటరి సాధనలో మన తప్పులు మనకు కనబడవు. సీటు మరీ కిందికి ఉండి మోకాళ్లు నొప్పెడుతున్నా, బరువైన గేరులో నిమిషానికి 60 సార్లే పెడళ్లు తిప్పుతున్నా, అదే పద్ధతి అనుకుంటాం. క్లబ్బులో అనుభవజ్ఞులు కాసేపు పక్కన తొక్కితే చాలు, లోపం పట్టేస్తారు. తేలిక గేరులో 80, 90 సార్లు తిప్పమంటారు. పంక్చర్ వేయడమూ అక్కడే వస్తుంది.

ఇక గాలి సంగతి. చదునైన దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, శ్రమలో ఎక్కువ భాగం గాలిని ఎదుర్కోవడానికే పోతుంది. మరొకరి వెనుక తొక్కితే ఆ భారం బాగా తగ్గుతుంది. ఒంటరిగా అందని దూరం గుంపుతో అందుతుంది, ఆ ఆనందం వేరు! అయితే అంత దగ్గరగా తొక్కడంలో ప్రమాదమూ ఉంది. మీ ముందు చక్రం ముందువారి వెనుక చక్రానికి తగిలితే పడేది సాధారణంగా మీరే. గుంత కనబడితే చేతి సైగ చేయడం, హఠాత్తుగా బ్రేకు వేయకపోవడం అలవాటు కాకముందే వేగంగా వెళ్లే బృందంలో కలవకండి.

నన్నడిగితే చేరమనే అంటాను. వెనుకబడినవారి కోసం ఆగే బృందం ఉందో లేదో మాత్రం ముందే అడగండి. లేకపోతే ఆ క్లబ్బు కన్నా ఒంటరి సాధనే మేలు. తొలిరోజు హెల్మెట్, నీళ్లు, అదనపు ట్యూబు వెంట ఉంచుకోండి.