ఫ్లోరైడ్ నీళ్లపై వీడియోలు: ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చు?

అనంతపురం జిల్లాలో ఫోను పట్టుకున్న ప్రతి ఒక్కరికీ నీళ్ల వీడియో ఒకటైనా వచ్చే ఉంటుంది. వానలు తక్కువ, బోర్లు లోతు, ఆ బోర్లలో ఫ్లోరైడ్. గారపళ్లు, మోకాళ్ల నొప్పులు చూసీ చూసీ జనం భయపడి ఉన్నారు. భయం ఉన్నచోట చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. పిల్లల తల్లిదండ్రులు ఈ వీడియోలు నాకు పంపి, "సార్, ఈయప్ప చెప్పేది నిజమేనా?" అని అడుగుతుంటారు. ఒక్కో వీడియోకు విడివిడిగా జవాబు చెప్పేకంటే, ఏ రకం మనిషిని ఏ విషయంలో నమ్మొచ్చో చెబితే ఎక్కువ ఉపయోగం.

నా పద్ధతి ఇది. నక్షత్రాల గురించో జన్యువుల గురించో చెప్పేవాళ్లది తప్పో ఒప్పో మనం ఇంట్లో కూర్చుని తేల్చలేం. మన బోరు నీళ్ల సంగతి అయితే తేల్చగలం. అందుకే, ముందు మనకు తెలిసిన విషయంలో ఆ మనిషి ఎలా మాట్లాడతాడో చూడాలి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అది మన నేల కింది గ్రానైటు లాంటి రాళ్లలోని ఖనిజాల నుంచి నీళ్లలోకి దిగుతుంది. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా. కాచితే పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే చాలు, ఎంత పెద్ద ఛానెల్‌నైనా పరీక్షించొచ్చు.

మొదటి రకం, చేసి చూపించేవాళ్లు. వీళ్ల వీడియోలే ఊళ్లలో ఎక్కువ తిరుగుతాయి. రెండు గ్లాసులు పెడతారు, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు, అంటే లవణాలు తీసేసే ఇంటి యంత్రంలో వడకట్టినవి. ముందు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. తర్వాత కరెంటు కడ్డీలున్న పరికరం ముంచుతారు. కొళాయి నీళ్లు నిమిషంలో బురద రంగుకు తిరుగుతాయి, ఆర్వో నీళ్లు తేటగానే ఉంటాయి. "మీరు తాగేది ఈ విషమే" అంటారు. చూసినవాళ్ల కడుపులో తిప్పుతుంది.

ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీది. కరెంటు పారినప్పుడు ఇనప కడ్డీ కరిగి తుప్పు రంగు పదార్థం పుడుతుంది. కొళాయి నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పారదు. ఈసారి మీ ఇంటికి ఎవరైనా ఆ పరికరం తెస్తే, ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. అవీ బురదవుతాయి. మా తరగతిలో ఇదే చేస్తాం. ఒక్కసారి చూసిన పిల్ల ఇంటికెళ్లి అమ్మకు చెబుతుంది, ఆ ఇంట్లో ఆ వీడియో పని అంతటితో అయిపోతుంది.

టీడీఎస్ మీటరు సంగతి ఇంతకంటే ముఖ్యం. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, దాన్నిబట్టి మొత్తం లవణాల అంకె చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. 300 చూపించిన నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 900 చూపించిన నీళ్లలో అర మిల్లీగ్రామే ఉండొచ్చు. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి కిందికి దిగుతుంది. కాల్షియం తక్కువగా ఉన్న మెత్తటి నీళ్లలోనే అది ఎక్కువగా కరిగి ఉంటుంది. "మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, పప్పు బాగా ఉడుకుతుంది" అని ధీమాగా ఉన్న ఇంట్లోనూ పరీక్ష చేయించాల్సిందే.

ఇక్కడ ఆ గ్లాసుల వాళ్లకు న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆర్వో ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, అది నిజం. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు మీద బతికే ఇంటికి, ఆర్వో కొనమనే వాళ్ల సలహా మేలే చేయొచ్చు. కానీ సత్యసాయి నీటి పథకం వచ్చిన 1990ల నుంచి ఈ జిల్లాలో చాలా ఊళ్లకు బోరు నీళ్లకు బదులు రిజర్వాయరు నీళ్లు అందుతున్నాయి. అలాంటి కొళాయి ఉన్న ఇంటికీ అదే గ్లాసు, అదే బురద చూపించి అమ్మితే అది మోసం. తప్పు కారణంతో ఒప్పు మాట చెప్పినవాడు పక్కింటికి తప్పు మాటే చెబుతాడు. ఈ రకాన్ని నేను అసలు నమ్మను.

రెండో రకం, అన్ని విషయాలూ విడమరిచి చెప్పే పెద్ద ఛానెళ్లు. వీళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. జర్మనీలోని మ్యూనిక్ నుంచి నడిచే కుర్జ్‌గెజాగ్ట్ ఛానెల్ 2019లో తన పాత వీడియోలు రెండింటిని తీసేసింది. ఒకటి వ్యసనం మీద, ఇంకొకటి ఐరోపాకు వచ్చిన శరణార్థుల మీద. అవి తమ ప్రమాణాలకు తగినట్టు లేవని ఇంకో వీడియో చేసి మరీ చెప్పింది. లక్షలమంది చూసినదాన్ని తీసేసి, ఎందుకు తీశారో చెప్పేవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది. మన తెలుగు ఛానెళ్లలో ఇలా దిద్దుకునేవాళ్లు ఎవరో వెతుక్కుని వాళ్లను చూడండి.

అయినా మన నీళ్ల విషయంలో వీళ్ల మాట వినేముందు ఆగాలి. అమెరికాలో 1945 నుంచి పళ్లు పుచ్చిపోకుండా చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతూ వచ్చారు. 2015లో అక్కడి ప్రభుత్వం చెప్పిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. అక్కడి సైన్సు ఛానెల్ మనిషి "నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే భయపడకండి, పళ్లకు మంచిది" అంటే తన ఊరికి సంబంధించినంతవరకు ఆ మోతాదును దృష్టిలో పెట్టుకునే అంటాడు. అదే ముక్కను తెలుగులోకి దించి మోతాదు చెప్పకుండా వదిలేస్తే, కళ్యాణదుర్గం వైపు 2, 3 మిల్లీగ్రాముల బోరు నీళ్లు తాగే ఇంట్లో పసిపిల్లల పళ్లకు అది కీడు. ఎవరూ అబద్ధం ఆడలేదు. మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వచ్చేసరికి అంకె రాలిపోయింది.

చింతపండు కథ కూడా ఇలాంటిదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు రోజూ కొంత చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో అచ్చయిన చిన్న అధ్యయనం అది. వీడియోల్లోకి వచ్చేసరికి "చింతపండు తింటే ఫ్లోరోసిస్ మాయం" అయింది. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడవడం. వంగిపోయిన కాళ్లు తిన్నగా అవుతాయని ఆ శాస్త్రవేత్తలు చెప్పలేదు. ఈ రకం ఛానెల్‌ను పరీక్షించాలంటే ఇదొక మంచి ప్రశ్న: ఎంతమంది మీద చూశారో, ఎన్నాళ్లు చూశారో చెప్పాడా? చెబితే మిగతా వీడియోలు కూడా చూడొచ్చు. ఒక విషయం ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి వీళ్లంత బాగా చెప్పేవాళ్లు లేరు. ఏ నీళ్లు తాగాలో తేల్చుకోవడానికి మాత్రం వీళ్లు చాలరు.

మూడో రకం, డాక్టర్లు. పళ్ల మీద మచ్చ ఫ్లోరైడ్‌దా కాదా, మోకాలి నొప్పి దేనివల్ల, పిల్లలకు ఏ వయసులో ప్రమాదం ఎక్కువ, ఇవి వాళ్లు చెప్పాల్సినవే. కానీ అదే డాక్టరు గారు రాగి చెంబు, క్షార జలం దాకా వెళితే అక్కడ ఆ తెల్లకోటుకు బలం లేదు. లైనస్ పౌలింగ్ 1954లో రసాయన శాస్త్రానికి నోబెల్, తర్వాత 1962 సంవత్సరపు శాంతి నోబెల్ తీసుకున్న అమెరికా శాస్త్రవేత్త. అంతటివాడు విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకుంటే జలుబు రాదని గట్టిగా ప్రచారం చేశాడు. తర్వాతి పరీక్షల్లో మామూలు జనానికి అలా జరగలేదు. ఎవరినైనా వాళ్ల పని దగ్గరే నమ్మాలి. ఆన్‌లైన్‌లో ఆరోగ్యం గురించి నిపుణులుగా చెప్పుకునేవాళ్లు తమ అర్హత చూపించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకుని చెప్పే మాట అయితే అదీ తెలపాలి. వీడియో మొదట్లో మూల మీద కనబడి మాయమయ్యే పెయిడ్ ప్రమోషన్ ముక్క చూడకుండా ముందుకు జరపకండి.

నాలుగోది, సంస్థలు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు, పోషకాహార సంస్థ, వ్యవసాయానికైతే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం. వీళ్ల వీడియోలు చప్పగా ఉంటాయి, చూసేవాళ్లు తక్కువ, భాష ఆఫీసు కాగితంలా ఉంటుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. నిజమైన కొలత ఉన్నవాళ్లకు చెప్పే నేర్పు లేదు, చెప్పే నేర్పు ఉన్నవాళ్ల దగ్గర కొలత లేదు. వీళ్లకూ ఒక పరిమితి ఉంది. జిల్లా సగటు, మండలం సగటు చెబుతారు. ఒకే వీధిలో రెండు బోర్ల మధ్య ఫ్లోరైడ్ తేడా ఉండగలదు. సగటు మీ బిందెలో ఉండదు.

నలుగురినీ తూస్తే నా వరుస ఇది. తాగునీటి నిర్ణయానికి సంస్థ కొలతే ముందు. ఒంట్లో లక్షణాలకు డాక్టరు. ఎందుకు, ఎలా అన్నది అర్థం కావడానికి, తప్పు దిద్దుకునే అలవాటున్న మంచి ఛానెల్. గ్లాసుల వాళ్లకు వరుసలో చోటు లేదు.

కాబట్టి వీడియో పంపే తల్లిదండ్రులకు నేను అడిగేది ఒకటే, ముందు మీ బోరు అంకె తెచ్చుకోండి. ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పారు, మీ ఊళ్లో ఎవరి దగ్గర ఉందో పంచాయతీలో అడగండి. కిట్టు ఎక్కువ చూపిస్తే ప్రయోగశాలకు పంపండి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి ప్లాస్టిక్ సీసానే తీసుకోండి. మోటారు కొంతసేపు నడిచాక, అదే నీళ్లతో సీసాను రెండుమూడుసార్లు కడిగి, నిండా పట్టి, ఊరు, బోరు, తేదీ రాసి ఇవ్వండి.