నాద నుంచి నాహా దాకా: బియ్యం, చిలగడదుంప, మళ్ళీ బియ్యం

జపాన్ వెళ్తున్నామనగానే మనవాళ్ళలో ఎక్కువమంది అడిగేది విస్కీ గురించే. యమజాకి చూస్తారా, సీసా తెస్తారా అని. క్యోటో, ఓసాకాల మధ్య రైలు దారి పక్కనే ఉన్న ఆ డిస్టిలరీ పని 1923లో మొదలైంది. జపాన్ మాల్ట్ విస్కీకి పుట్టిల్లు అదే, కాదనను. కానీ లోపల టూరుకి వెళ్ళాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకుని లాటరీలో పేరు వస్తుందేమోనని ఎదురుచూడాలి. మేం పెట్టనే లేదు. ఓసాకాలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది, "విస్కీ హైదరాబాదులో కూడా తాగొచ్చు బావా. ఇక్కడ బియ్యంతో మొదలుపెట్టి దక్షిణానికి పోదాం, గ్లాసులో సరుకు ఎలా మారిపోతుందో చూద్దువు గాని" అన్నాడు. కోబే, క్యోటోలోని ఫుషిమి, బాగా దక్షిణాన కగోషిమా, చివరికి ఒకినావా దీవిలోని నాహా అని దారి వేసింది కూడా అతనే.

కోబే తూర్పున, రొక్కో కొండలకీ సముద్రానికీ మధ్య సన్నటి పట్టీలా ఉండే ప్రాంతం నాద. సాకే అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే జపాన్ మద్యం, దేశంలో అది ఎక్కువగా తయారయ్యేది ఇక్కడే. హన్‌షిన్ లైన్లో సుమియోషి స్టేషన్ దగ్గర దిగి అయిదు నిమిషాలు నడిస్తే హకుత్సురు అనే సాకే కంపెనీ మ్యూజియం. టికెట్ లేదు. పాత చెక్క కట్టడంలోనే, నిలువెత్తు బొమ్మలతో పని మొత్తం వరుసగా చూపిస్తారు: బియ్యం కడగడం, ఆవిరి మీద ఉడికించడం, ఉడికిన బియ్యం మీద కోజి బూజు చల్లడం. పూర్వం పొలం పనుల్లేని చలికాలంలో తంబా ప్రాంతపు రైతులు వచ్చి ఈ పని చేసి వెళ్ళేవారట. అసలు కిటుకు కోజిలో ఉంది. బియ్యంలోని పిండిని అది చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో, అదే సమయంలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్ చేసేస్తుంటుంది. అందుకే బట్టీ పెట్టకుండానే 20 శాతం దాకా వెళ్తుంది. తర్వాత నీళ్ళు కలిపి 15, 16కి దించి సీసాల్లో నింపుతారు.

అక్కడికి దగ్గర్లోనే ఇంకో సాకే కంపెనీ కికు-మసామునే మ్యూజియం. 1995 భూకంపంలో పాత భవనం కూలిపోతే, లోపలి పనిముట్లు ఏరి 1999లో మళ్ళీ కట్టారు. ఇదీ ఉచితమే. రెండింటిలో ఒకటే చూడగలమంటే హకుత్సురుకి వెళ్ళండి. పని అర్థమయ్యేది అక్కడే.

నాద పేరు నిలబెట్టింది పక్కనే నిషినోమియాలో దొరికే మియామిజు నీళ్ళు. వాటి మహిమ 1840లో బయటపడింది. ఖనిజాలు ఎక్కువ, ఇనుము దాదాపు లేదు. ఈస్ట్ హుషారుగా పనిచేస్తుంది, సాకే ఘాటుగా, తీపి తక్కువగా తేలుతుంది. ఫుషిమి నీళ్ళు మెత్తన, అక్కడి సాకే నాలుక మీద నెమ్మదిగా జారుతుంది. నాదది మగ సాకే, ఫుషిమిది ఆడ సాకే అని పాత మాట ఒకటుంది. మగా ఆడా సంగతి వదిలేస్తే, రెండు రోజుల తేడాలో రెండూ తాగినవాడికి నీళ్ళ తేడా తెలియకపోదు.

ఫుషిమి మాత్రం ఫొటోలకి ముందు, చదువుకి తర్వాత. కాలువ, విల్లో చెట్లు, నల్ల చెక్కల గోదాములు, పడవ షికారు. 1637 నాటి సాకే కంపెనీ గెక్కేయ్‌కన్ వాళ్ళ ఒకురా మ్యూజియం టికెట్‌లో రుచి చూడటం కూడా కలిసే ఉంటుంది. ప్రదర్శన చిన్నది, జనం ఎక్కువ. ఊళ్ళోని రకరకాల తయారీదారుల సాకేను చిన్న గ్లాసుల్లో వరుసగా పెట్టిచ్చే ఫుషిమి సకగురా కోజి (ఈ కోజి అంటే సందు, బూజు కాదు) అనే చోటు నాకు అంతకంటే నచ్చింది.

ఇక సీసా మీద చూడాల్సింది ఒక అంకె. బియ్యం గింజను పాలిష్ చేశాక ఎంత శాతం మిగిలిందో అది. 60 శాతం, అంతకంటే తక్కువైతే గింజో. 50కి దిగితే దాయ్‌గింజో. జున్మాయ్ అని ఉంటే విడిగా ఆల్కహాల్ కలపలేదని. అరిగించిన కొద్దీ పళ్ళ వాసన, దానితో పాటే ధరా పెరుగుతాయి. దాయ్‌గింజో మొదటి గుటకకి బ్రహ్మాండం, భోజనంలోకి తేలిపోతుంది. గోరువెచ్చగా చేసిన మామూలు జున్మాయ్ భోజనం అయిపోయేదాకా తోడుంటుంది, డబ్బులూ మిగులుతాయి.

బస ఓసాకా ఉమేదా దగ్గర ఒక బిజినెస్ హోటల్లో. రెండు పెట్టెలు ఒకేసారి తెరిస్తే కాలు పెట్టే చోటు ఉండదు. కానీ శుభ్రం, స్టేషన్ పక్కనే, తాగి వచ్చినవాడికి నడక తక్కువ. కారు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఈ యాత్రకి మానేయండి. తాగి నడిపితే డ్రైవరుకే కాదు, తెలిసి బండెక్కిన పక్క సీటువాడికీ శిక్ష ఉంది.

తాగుతూ తినే కొట్లని ఇక్కడ ఇజకాయా అంటారు, వాటి గురించి ఒకటి రెండు ముక్కలు. కూర్చోగానే అడక్కుండా చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. అది ఒతోషి, బిల్లులో మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా పడుతుంది. మోసమేమీ కాదు, మనిషికింత అని తీసుకునే కుర్చీ ఖర్చనుకోండి. శాకాహారులకి కష్టమే. టోఫు వేపుడు మీద పోసే పులుసులోనూ ఎండు చేపల రసం ఉంటుంది. ఎదమామె కాయలు, ఉప్పులో ఊరిన ముక్కలు, ఉత్త అన్నం, అంతే. చిన్న కొట్లలో ఇంకా సిగరెట్ పొగ ఉంటుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు తలుపు దగ్గర బోర్డు చూసుకోండి.

షిన్-ఓసాకా నుంచి కగోషిమాకి షింకన్‌సెన్‌లో సుమారు నాలుగు గంటలు. దిగేసరికి సాకే మాట వినపడటం మానేసింది. ఇక్కడ అంతా బట్టీ పెట్టి తీసే షోచూ, అదీ చిలగడదుంపది. అగ్నిపర్వతపు నేల నీటిని నిలవనీయదు, వరి సరిగా పండదు. 1705లో ర్యూక్యూ (ఇప్పటి ఒకినావా) దీవుల నుంచి దుంప వచ్చి ఊరు పట్టేసింది. పైగా వెచ్చటి ఊళ్ళో సాకేలాంటిది పాడైపోతుంది. దానికి విరుగుడు ఒకినావా నల్ల కోజి. అది నిమ్మ ఉప్పులాంటి పులుపును పుట్టించి తొట్టిలో చెడు క్రిములను ఆపుతుంది. బట్టీ పెట్టినప్పుడు ఆ పులుపు కిందే ఉండిపోతుంది, సీసాలోకి రాదు. ఆ నల్లదాంట్లోంచే 1924లో కవాచి గెన్‌ఇచిరో తెల్ల రకాన్ని పట్టుకున్నాడు. ఇవాళ షోచూలో ఎక్కువ భాగం దానితోనే.

తెన్‌మొన్‌కన్ వీధుల్లో ఒక చిన్న కొట్లో కూర్చున్నాం. యజమానురాలు అరవై దాటిన మనిషి, ఇంగ్లీషు రాదు, తొందర అసలే లేదు. గ్లాసులో ముందు వేడినీళ్ళు పోసి తర్వాత షోచూ పోసింది. అలా పోస్తే కలపక్కర్లేదు, చల్లటిది కిందికి దిగుతూ తనే కలుస్తుంది. ఆరు పాళ్ళు షోచూ, నాలుగు పాళ్ళు నీళ్ళు. దీన్ని ఓయువారి అంటారు. ఆవిరితో పాటు నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప వాసన గుప్పుమంది. మా బావమరిదికి ఆ వాసన పడదు, నాకు మాత్రం ఈ ప్రయాణంలో ఎక్కువగా నచ్చింది ఇదే. షోచూ 25 శాతం ఉంటుంది కాబట్టి నీళ్ళు కలిపాక సాకేతో సమానమవుతుంది, పొద్దున తల పట్టుకోలేదు. పక్క జిల్లా మియజాకిలో 20 శాతమే తాగుతారని ఆమె వేళ్ళతో చూపించి నవ్వింది. కగోషిమావాళ్ళకి అదొక పరాచికం. హోటల్ కూడా ఓసాకా కంటే చవక, గది పెద్దది, పొద్దున కిటికీలోంచి పొగలు కక్కే సకురాజిమా అగ్నిపర్వతం.

నాహాకి విమానంలో గంటన్నర. ఇక్కడ మళ్ళీ బియ్యం, అదీ థాయ్‌లాండ్ పొడవు గింజ. దానితో బట్టీ పెట్టి తీసే ఒకినావా మద్యం పేరు అవామోరి, అంతా నల్ల కోజితోనే. మోనోరైల్లో షురి దిగి కోట వైపు నడిస్తే జుయ్‌సెన్ డిస్టిలరీ. రుచి చూడనిస్తారు, కొనమని వెంటపడరు. మూడేళ్ళు, అంతకు మించి నిలవ పెట్టిన దాన్ని కూసు అంటారు. పాత కుండలోంచి తీసినంత దాని తర్వాతి కుండలోంచి నింపుతూ పోయేవారు. వందేళ్ళు దాటిన కుండలు 1945 యుద్ధంలో పగిలిపోయాయి. నల్ల కోజి పాత రకమూ పోయిందనుకున్నారు. 1935లో టోక్యోకి తీసుకెళ్ళి భద్రపరిచిన నమూనా దొరకడంతో 1999లో ఇక్కడే దానితో మళ్ళీ అవామోరి తీశారు, పేరు ఉసాకి. నాలుగైదు చుక్కలు నోట్లో వేసుకున్నాను. మొదట మంట, ఆ తర్వాత చాలాసేపు వెనిల్లా లాంటి తీపి. బజారు వీధిలో పాము వేసి ఊరబెట్టిన హబుషు సీసాలు వరుసగా పెట్టారు. అది ఫొటో సరుకు, దాని మీద డబ్బు పెట్టకండి.

మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్లే వదులుతుంది, సీసా మామూలుగా 720 మిల్లీలీటర్లు. అంటే రెండు నిండు సీసాలు, ఒక బుల్లి సీసా. పాశ్చరైజ్ చెయ్యని నమజాకే ఫ్రిజ్ లేకపోతే పాడవుతుంది కాబట్టి దాన్ని అక్కడే తాగేయండి. నేను కగోషిమా షోచూ ఒకటి, కూసు ఒకటి తెచ్చుకున్నాను. బుల్లిది నాద సాకే, మా బావమరిది బలవంతం మీద.